అమరాపురం దారిలో వాన

ఆంధ్రప్రదేశ్ పటంలో నైరుతి మూలను ఒకసారి పరికించండి. మడకశిర దాటిన తరువాత మన భూమి కర్ణాటకలోనికి చొచ్చుకొనిపోయి, పొరుగు రాష్ట్రం చుట్టుకొన్న ద్వీపకల్పం వలె కనిపిస్తుంది. ఆ కొనన ఉన్నది అమరాపురం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడు బళ్ళారి జిల్లాలో అధికభాగం మైసూరుకు పోయినది. మడకశిర తాలూకా మాత్రం అనంతపురంతోనే ఉండిపోయినది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులో చేరినది. పటాలు ఎన్నిమార్లు మారినా ఇక్కడి పల్లెలలో అనేకులకు ఇంటిభాష కన్నడమే. కన్నడ మాధ్యమంలో బోధించే సర్కారు బడులు కూడా ఉన్నవి. ఒకే మాటలో సగం తెలుగు, సగం కన్నడం పలకడం ఇక్కడివారికి వింత కాదు. వినే మనకే వింత.

ఈ సీమకు వాన అరుదైన చుట్టం. నైరుతి ఋతుపవనం తన బరువంతా పడమటి కనుమల మీదనే దించుకొని వస్తుంది. కనుమల పైనున్న ఆగుంబెలో సాలుకు 7,000 మిల్లీమీటర్లకు మించి కురిస్తే, ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటున 550 మిల్లీమీటర్లు కురవడం గగనం. ఈశాన్య ఋతుపవనం మొదట కోస్తాను తడిపి, మిగిలినది మాత్రమే మనకు విదిలిస్తుంది. ఈ రెండు దారులకూ చివర ఉన్న నేల యిది. అట్టి సీమలో సైకిలు మీద తిరుగబోయి వానలో చిక్కుకొన్నామని చెబితే విన్నవారు నవ్వుతారు. అయినా చిక్కుకొన్నాము.

సైకిలు యాత్ర మన దేశానికి కొత్త కాదు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పారశీక యువకులు భూప్రదక్షిణకు సైకిళ్ళపై బయలుదేరారు. వారిలో ముగ్గురు, ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా, సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చి 18న ఇల్లు చేరారు. 1931లో వెలువడిన వారి యాత్రాగ్రంథానికి జవహర్లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాశారు. కలకత్తా నుంచి 1926లో వెడలిన విమల్ ముఖర్జీ 1937లో గాని తిరిగి రాలేదు. వారి సాహసం మాట అటుంచి, నాకు తోచేది మరొకటి. రైలులో పోయేవానికి టిక్కెట్టు చాలు. కారులో పోయేవానికి చమురు చాలు. సైకిలుపై పోయేవాడు రోజుకు పదిసార్లైనా ఎవరినో ఒకరిని దారి అడుగవలె, నీళ్ళు అడుగవలె, నీడ అడుగవలె. ఈ జిల్లాలోనే పెనుకొండ చెంత 2019 నుంచి లక్షల కార్లు తయారవుతున్నవి. ఆ కార్లలో పోయేవారికి ఇట్టి అక్కర కలుగదు. అది వారి అదృష్టమో కాదో నేను చెప్పజాలను.

నేనూ, ఉపాధ్యాయుడైన నా మిత్రుడూ ఒక చిత్తకార్తెలో హిందూపురం నుంచి తెల్లవారుజామున బయలుదేరాము. సామాను చాల తక్కువ: ఒక ట్యూబు, గాలిపంపు, అతుకులు వేసే సొల్యూషను, మార్చుకొనడానికి బట్టలు, కొన్ని బొరుగులు. చింతపండు మండీలు అప్పటికే మేలుకొన్నవి. మడకశిర కొండకోట కనిపించే వేళకు ఆకాశం మూసుకొన్నది. అమరాపురానికి తారురోడ్డు ఉన్నది గాని, పల్లెలు చూడవచ్చునన్న ఆశతో మేము బండిబాట పట్టాము. మొదటి చినుకులకు ఎర్రమన్ను మంచి వాసన వేసినది. అరగంటకు అదే మన్ను చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ దట్టంగా ఇరుకుకొని, సైకిళ్ళు కదలకుండ చేసినది. పది గజాలకొకసారి ఆగి పుల్లతో గీకడం, మరల తోయడం. మనల మోయవలసిన బండిని మనమే భుజాన మోసే దశ వచ్చినది. ఊరు పొలిమేరలో మొదటి ఇంటి అరుగు కనబడగానే దాని కిందికి చేరాము.

ఆ ఇంటి ముంగిట అంతకంటె పెద్ద కష్టం జరుగుతున్నది. ముందురోజు పీకిన చెనిక్కాయ చెట్లు వాముగా వేసి ఉన్నవి. రైతూ, ఆయన భార్యా పట్ట కప్పడానికి అవస్థ పడుతున్నారు. ఒక కొన పట్టుకొంటే మరొక కొన గాలికి లేచిపోతున్నది. మేము ఇద్దరం చెరొక కొన పట్టుకొన్నాము. అంచుల మీద రాళ్ళు పెట్టేవరకు ఎవ్వరూ మాటాడలేదు. ఆ తరువాత గాని ఆయన మా ముఖాలు చూడలేదు.

"ఎవరు సార్ మీరు?" అన్నాడు.

అంతలో అరుగు మీద కూర్చున్న ముసలామె మాకు చాప పరచి, "బన్నీ, కూత్కొళ్ళి. మళె నింత మేలె హోగి" అన్నది. రండి, కూర్చోండి, వాన నిలిచిన తరువాత పొండి అని. నాకు కన్నడం అంతంతమాత్రమే అయినా ఆ మాటకు దుబాసీ అవసరం లేకపోయినది. కొంతసేపటికి తెలుగులోనికి దిగి, "తిన్నారా నాయనా?" అని అడిగినది. మా సమాధానానికి ఆగకుండానే కోడలు లోపలికి పోయి రాగిముద్దలు, పప్పు, ఊరుబిండి తెచ్చి పెట్టినది. ముద్దను నమలకుండ మింగవలెనని మాకు నేర్పబోయి, మా అవస్థ చూచి వారి చిన్నపిల్లవాడు నవ్వాపుకొనలేకపోయినాడు.

ఆ రైతుకు ఆ రోజు వాన మేలుచేసేది కాదు. వేసవి దాటిన నాటి నుంచి ఎదురుచూచిన వాన, పంట పీకిన మరునాడు వచ్చినది. కాయ నానితే ధర తగ్గుతుంది. కట్టె నల్లబడితే పశువులు ముట్టవు. నా మిత్రుడు ఆ మాటే అని సానుభూతి చూపగా ఆయన ఒప్పుకొనలేదు. "వానను తిట్టగూడదు సార్. చెనిక్కాయకు చెరుపైతే రాగికి మేలు. చెరువుకు నాలుగు నీళ్ళొస్తే బోరు బతుకుతుంది" అన్నాడు. తన నష్టాన్ని పొరుగు చేనిలోని లాభంతో సరిపెట్టుకొన్న ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

వాన వెలిసిన తరువాత మేము డబ్బు ఇవ్వజూపలేదు; ఇస్తే ఏమవుతుందో ఆ ముసలామె ముఖం చూస్తేనే తెలుస్తున్నది. పిల్లవానికి మా వద్దనున్న ఎర్రనీలం పెన్సిలు ఇచ్చి బయలుదేరాము.

అమరాపురం చేరేసరికి చీకటి పడుతున్నది. ఒక చక్రం పంక్చరు. సైకిలుషాపు యజమాని దుకాణం మూయబోతూ మమ్ములను చూచి మరల దీపం వేసినాడు. తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నవో వెదకి, ముల్లు తీసి, అతుకు వేసి, గొలుసులోని మన్నంతా కిరసనాయిలుతో కడిగినాడు. ఆ పనికి కూలి అడిగి మరీ తీసుకొన్నాడు. పడుకొనడానికి చోటెక్కడ దొరుకునని అడుగగా, షాపు వెనుక గది తాళంచెవి మా చేతికిచ్చి, ఉదయం వచ్చి తీసుకొంటానని చెప్పి వెళ్ళిపోయినాడు. దానికి పైకం ఇవ్వబోతే మాత్రం నొచ్చుకొన్నాడు. పనికి వెల, చోటికి వెల లేదు. ఈ విభజన ఆయన ఎక్కడా చదువుకొనలేదు. ఆ సీమలో అందరూ ఎరిగినదే.

ఆ రాత్రి నా మిత్రుడు ఒక సంగతి గుర్తుచేసినాడు. ఆ ముసలామె ఏ ఊరని అడిగినది, తిన్నారా అని అడిగినది, "మీరేమిట్లు?" అని అడుగలేదు. మన దేశంలో బాటసారిని ఆదరించే ఏర్పాట్లకు కొదువ లేదు. చలివేంద్రాలు, దారివెంట చింతతోపులు, ఊరూరా సత్రాలు. కాని ఆ సత్రాలలో అనేకం ఒక్కొక్క కులానికి ఒక్కొక్కటిగా వెలసినవి. కొందరికి చలివేంద్రంలో నీళ్ళు దూరం నుంచి దోసిటిలో పోసేవారు. మన ఆతిథ్యాన్ని పొగడే వ్యాసాలలో ఈ ముక్క సాధారణంగా కనిపించదు. పట్ట కొన పట్టుకొన్న చేతులు ఎవరివని అడగడానికి ఆనాడు వ్యవధి లేకపోయినదా, లేక ఆ ఇంట ఆ ప్రశ్నే పోయినదా? అట్లే, మా బదులు ఒక స్త్రీ ఒంటరిగా సైకిలుపై వచ్చి ఉంటే తాళంచెవి అంత తేలికగా చేతికి వచ్చేదా, వచ్చినా ఆమె నిశ్చింతగా నిద్రపోగలిగేదా? మేము ఇద్దరమూ దీనిపై చాలసేపు వాదించుకొన్నాము. మా వాదం తేలలేదు.

మరునాడు ఎండ కాసినది. హేమావతికి పోయి నొళంబుల గుడులు చూచాము. వెయ్యేళ్ళ కిందట హెంజేరు అనే పేరుతో ఈ పల్లె నొళంబవాడికి రాజధాని. ఇక్కడి సిద్ధేశ్వరుడు లింగరూపంలో గాక మానవాకృతిలో కూర్చొని ఉంటాడు. నొళంబులు నల్లరాతిని చెక్కిన నేర్పు దొడ్డేశ్వరాలయపు జాలీ కిటికీలలో చూడవలె. ఇక్కడి స్తంభాలు కొన్నిటిని చోళులు తరలించుకొనిపోగా అవి నేటికీ కావేరీ తీరాన తిరువైయారు ఆలయంలో ఉన్నవి. అంత బరువును అంత దూరం మోయించిన రాజులను తలచుకొంటే, బురదలో సైకిలు మోసిన మా శ్రమను గూర్చి మాటాడడానికి సిగ్గువేసినది.

తిరిగి వచ్చిన తరువాత నా మిత్రుడు తన విద్యార్థులకు ఒక పని అప్పగించినాడు. తమ ఊరిలో వీధివైపు అరుగు ఉన్న ఇళ్ళెన్ని, వాన వస్తే బాటసారి నిలువదగిన చూరు ఎన్నిటికి ఉన్నది, లెక్కించి రమ్మన్నాడు. పిల్లలు పలకలూ కాగితాలూ పట్టుకొని వీధులన్నీ తిరిగినారు. అరుగులు పాతవీధిలోనే మిగిలినవి. కొత్తగా కట్టిన ఇళ్ళకు ప్రహరీ, ఇనుపగేటు, గేటుకు తాళం. ఒక బాలిక మాత్రం తన జాబితా చివర, తమ ఇంటికి అరుగు లేదనీ, వాన వచ్చినప్పుడు అవ్వ గేటు తెరిచి దారినపోయేవారిని లోపలికి పిలుస్తుందనీ వ్రాసినది. ఆ ఇంటిని లెక్కలో చేర్చవలెనా, వద్దా అన్న విషయంపై తరగతిలో గంట కొట్టేవరకు పెద్ద వాదమే నడిచినదట.