ఎండాకాలంలో సముద్రపు అక్వేరియం: ఐసు కన్నా ఫ్యాన్ మేలు

హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం. హాల్లో ఉన్న 200 లీటర్ల ఉప్పునీటి తొట్టిలో థర్మామీటర్ 31 డిగ్రీలు చూపిస్తోంది. క్లౌన్ చేపలు నీటి పైభాగానికి చేరి మొప్పలను వేగంగా ఆడిస్తున్నాయి. అది చూడగానే ఎవరికైనా ఫ్రిజ్‌లోని ఐసు తెచ్చి వేయాలనిపిస్తుంది. కానీ ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ అంతకన్నా బాగా పనిచేస్తుంది. ఎలాగో చూద్దాం.

వేడికి ఊపిరాడదు ఎందుకు?

సముద్రపు అక్వేరియాన్ని సాధారణంగా 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పు ఉంటే ఇంకా తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6.7 మిల్లీగ్రాములే కరుగుతుంది. 31 డిగ్రీలకు అది దాదాపు 6కు పడిపోతుంది. మరోవైపు, చేపలు శీతల రక్త జీవులు కాబట్టి నీటితోపాటు వాటి శరీరమూ వేడెక్కి, జీవక్రియ వేగం పెరుగుతుంది. అంటే ఆక్సిజన్ ఎక్కువ కావలసిన సమయంలోనే అది తక్కువగా దొరుకుతుంది.

ఒకటి రెండు డిగ్రీలే కదా అనుకోకూడదు. సముద్రం మామూలు కన్నా ఆ మాత్రం వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉన్నందుకే 1998, 2010, 2016లలో లక్షద్వీప్ పగడాలు తెల్లబారాయి.

ఐసు లెక్క, ఆవిరి లెక్క

ఒక కిలో ఐసు కరిగి తొట్టి నీటి వేడికి చేరేలోగా సుమారు 460 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. 200 లీటర్ల నీటిని ఇది అర డిగ్రీ మాత్రమే చల్లబరుస్తుంది. అదే ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. బయటి నుంచి కొత్త వేడి చేరకపోతే, దానితో తొట్టి దాదాపు 3 డిగ్రీలు చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ సూత్రంతోనే.

పైగా ఐసు నేరుగా వేస్తే నీటిలో ఉప్పు శాతం తగ్గుతుంది. అది కరిగిపోగానే వేడి మళ్లీ ఎక్కుతుంది. ఈ హెచ్చుతగ్గులు చేపలకు మరింత హాని చేస్తాయి. తప్పనిసరైతే మూత బిగించిన సీసాలో గడ్డకట్టించిన నీటిని వాడాలి.

ఏం చేయాలి?

అద్దం మూత తీసి, చేపలు ఎగిరి బయటపడకుండా వల కప్పండి. నీటి మీదుగా గాలి వీచేలా ఫ్యాన్ పెట్టండి. తేమగాలి బయటికి పోయేలా కిటికీ తెరవండి. ఫ్యాన్ నీటిలో పడకుండా గట్టిగా బిగించాలి. తీగల వెంట నీరు ప్లగ్గులోకి జారకుండా చూసుకోవాలి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు రోజూ ఆర్‌ఓ నీరు పోయాలి. ఉప్పునీరు పోస్తే లవణత పెరుగుతూ పోతుంది.

తొట్టి లోపల పుట్టే వేడినీ తగ్గించాలి. నీటిలో మునిగి ఉండే 50 వాట్ల మోటార్లు రోజంతా నడిస్తే, ఆ వేడిని తీసేయడానికే సుమారు 1.8 లీటర్ల నీరు ఆవిరి కావాలి. కాబట్టి తక్కువ వాట్ల మోటార్లు వాడండి. లైట్లను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం వేయండి.

ఫ్యాన్‌కూ ఒక హద్దు ఉంది

ఆవిరితో నీరు ఎంతవరకు చల్లబడగలదో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. ఆ హద్దునే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. గాలి 40 డిగ్రీల వేడితో, 25 శాతం తేమతో ఉంటే ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. అందుకే పొడి ఎండలుండే హైదరాబాదులో ఫ్యాన్ చక్కగా పనిచేస్తుంది. విశాఖపట్నం, చెన్నై లాంటి తీరనగరాల్లో గాలి 34 డిగ్రీలతో, 70 శాతం తేమతో ఉన్నప్పుడు హద్దు 29 డిగ్రీల దాకా వస్తుంది. అలాంటి చోట గదికి ఏసీ గానీ, తొట్టికి చిల్లర్ గానీ ఉండాలి. చిల్లర్ కూడా ఫ్రిజ్ లాగే తీసిన వేడిని బయటికి వదులుతుంది కాబట్టి దాన్ని గాలి ఆడే చోటే పెట్టాలి.

కరెంటు పోతే వేడి కన్నా ముందు ఆక్సిజన్ కొరతే చేపల ప్రాణం తీయవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఎండాకాలానికి ముందే కొని ఉంచుకోండి.