చన్నీటి మునక మరియు లేజరు చికిత్స

చన్నీటి మునక మరియు లేజరు చికిత్స అనేవి కఠినమైన వ్యాయామం తరువాత కండరాలు త్వరగా కోలుకోవడానికి క్రీడాకారులు, ఫిజియోథెరపిస్టులు ఉపయోగించే రెండు వేర్వేరు పద్ధతులు. మొదటిది శరీరం నుండి వేడిని తొలగిస్తుంది. రెండవది కణజాలం వేడెక్కనంత తక్కువ శక్తి గల కాంతిని కండరాలకు అందిస్తుంది. ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చేయడం కూడా కొన్నిచోట్ల వాడుకలో ఉన్నది. అయితే రెండూ కలిస్తే ఫలితం రెట్టింపు అవుతుందన్న అభిప్రాయాన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం సమర్థించలేదు.

నేపథ్యం

అలవాటు లేని వ్యాయామం చేసినవారికి నొప్పి వెంటనే కాక మరునాడు మొదలవుతుంది. మెట్లు దిగడం, కూర్చుని లేవడం కష్టమవుతుంది. 24 నుండి 72 గంటల మధ్య తీవ్రంగా ఉండి, తరువాత క్రమంగా తగ్గే ఈ నొప్పిని 1902లో అమెరికా శాస్త్రవేత్త థియోడోర్ హఫ్ వివరించాడు. లాక్టిక్ ఆమ్లం పేరుకొనడమే దీనికి కారణమని చాలామంది భావిస్తారు గానీ అది సరి కాదు. ఆ ఆమ్లం వ్యాయామం ముగిసిన గంట, రెండు గంటలలోనే రక్తం నుండి తొలగిపోతుంది. కండర తంతువులలో ఏర్పడే సూక్ష్మమైన గాయాలు, వాటి వెంట వచ్చే వాపు ఈ నొప్పికి ముఖ్య కారణాలు.

కండరం కోలుకొన్నదా లేదా అని తెలుసుకోవడానికి పరిశోధకులు సాధారణంగా మూడు విషయాలను కొలుస్తారు. అవి: నొప్పి, కండర బలము, రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము పరిమాణము. కండర కణాలు దెబ్బతిన్నపుడు ఈ ఎంజైము రక్తంలోకి చేరుతుంది. ఈ మూడూ ఎల్లప్పుడూ కలిసి మెరుగుపడవు. నొప్పి తగ్గినంత మాత్రాన కండరం కోలుకొన్నదని చెప్పలేము.

చన్నీటి మునక

ఈ పద్ధతిలో వ్యాయామం ముగిసిన వెంటనే నడుము వరకు లేదా ఛాతీ వరకు 10 నుండి 15 డిగ్రీల సెల్సియస్ నీటిలో సుమారు 10 నుండి 15 నిమిషాలు ఉంటారు. మన ప్రాంతంలో కుళాయి నీరు వేసవిలో అంత చల్లగా ఉండదు కనుక ఐసు కలపవలసి వస్తుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువలన అదే ఉష్ణోగ్రత గల గాలిలో కంటే నీటిలో శరీరం చాలా త్వరగా చల్లబడుతుంది. చర్మపు రక్తనాళాలు కుంచించుకొంటాయి, నరాల సంకేతాలు నెమ్మదిస్తాయి, నొప్పి తెలియడం తగ్గుతుంది. నీటి ఒత్తిడి కూడా వాపును కొంత అదుపు చేస్తుంది.

2012లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 366 మంది పాల్గొన్న 17 చిన్న ప్రయోగాలను పరిశీలించారు. ఊరక విశ్రాంతి తీసుకోవడం కంటే చన్నీటి మునక నొప్పిని తగ్గిస్తుందని తేలింది. అయితే ఇందులో నమ్మకానికి కూడా పాత్ర ఉన్నది. 2014లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగంలో కొందరిని గోరువెచ్చని నీటిలో ఉంచి, అందులో కోలుకోవడానికి తోడ్పడే నూనె కలిపామని చెప్పారు. నిజానికి అది చర్మాన్ని శుభ్రపరచే మామూలు ద్రవమే. వారి కండర బలం చన్నీటిలో ఉన్నవారితో సమానంగా తిరిగి వచ్చింది.

మరొక ఇబ్బంది దీర్ఘకాలానికి సంబంధించినది. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో 21 మంది పురుషులు 12 వారాలు బలవర్ధక వ్యాయామం చేశారు. ప్రతిసారీ 10 నిమిషాలు చన్నీటిలో ఉన్నవారికి, తేలికగా సైకిల్ తొక్కినవారి కంటే కండర పరిమాణం, బలం తక్కువగా పెరిగాయి. చలి నొప్పితో పాటు కండరం పెరగడానికి అవసరమైన సంకేతాలను కూడా అణచివేస్తుందని దీని భావం.

లేజరు చికిత్స

1960లో థియోడోర్ మైమన్ తొలి లేజరును పనిచేయించాడు. 1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బుడాపెస్టులో ఎలుకల వీపుపై వెంట్రుకలు తొలగించి, తక్కువ శక్తి గల రూబీ లేజరు కాంతిని ప్రసరింపజేశాడు. కాంతి సోకిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తరువాత అతడు మానని పుండ్లకు ఈ చికిత్సను ప్రయత్నించాడు. శస్త్రచికిత్సలో కోతకు వాడే లేజరుతో దీనికి సంబంధం లేదు.

ఇందులో 600 నుండి 1,100 నానోమీటర్ల మధ్య ఎరుపు, పరారుణ కాంతులను వాడుతారు. లేజరుకు బదులు ఎల్.ఇ.డి. దీపాలనూ ఉపయోగిస్తారు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని గ్రహించి, శక్తి ఉత్పత్తిని పెంచుతుందని ఎక్కువ మంది శాస్త్రజ్ఞుల వివరణ. మోతాదు ముఖ్యమైనది. తక్కువైతే ఫలితం ఉండదు, మరీ ఎక్కువైతే వ్యతిరేక ఫలితం రావచ్చు. ప్రయోగాల మధ్య మోతాదులు వేర్వేరుగా ఉండడం వలన వాటి ఫలితాలను పోల్చడం కష్టము.

రెండింటినీ కలిపినపుడు

కలిపి వాడడానికి చెప్పే కారణం వినడానికి సమంజసంగానే ఉంటుంది. చలి వలన చర్మంలో రక్తం తగ్గితే, కాంతిని దారిలోనే పీల్చుకొనే హీమోగ్లోబిన్ తగ్గి, కాంతి మరింత లోతుకు చేరుతుందని వాదన.

దీనిని 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో నేరుగా పరీక్షించారు. 50 మంది ఆరోగ్యవంతులైన పురుషులను ఐదు వర్గాలుగా విభజించారు: కాంతి మాత్రమే, చలి మాత్రమే, చలి తరువాత కాంతి, కాంతి తరువాత చలి, ఉత్తుత్తి చికిత్స. కాంతి మాత్రమే పొందినవారికి అన్నిటికంటే మంచి ఫలితం లభించింది. చలి మాత్రమే పొందినవారి ఫలితం ఉత్తుత్తి చికిత్సతో దాదాపు సమానము. చలిని జోడించినపుడు కాంతి ప్రభావం తగ్గింది. అయితే ఇందులో వాడినది నీటి మునక కాదు, ఐసు సంచులు. ప్రయోగం చిన్నది కూడా. కనుక ఇదే తుది మాట కాదు.

దీనికి ఒక వివరణ ఇవ్వవచ్చు. కాంతి కణంలోని రసాయన చర్యలను చురుకు చేయడానికి ఉద్దేశించినది, చలి వాటిని నెమ్మదింపజేస్తుంది. ఒకే సమయంలో రెండూ ఎదురెదురుగా పనిచేసే అవకాశం ఉన్నది.

జాగ్రత్తలు

* చన్నీటిలో హఠాత్తుగా దిగితే ఊపిరి ఎగబీల్చడం, గుండె లయ తప్పడం జరగవచ్చు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా దిగరాదు. ఎవరూ ఒంటరిగా దిగరాదు.
* మధుమేహం వలన కాళ్ళ స్పర్శ తగ్గినవారికి చలి వలన కలిగే గాయం తెలియకపోవచ్చు.
* లేజరు కాంతి కంటికి హానికరం. చికిత్స చేసేవారు, చేయించుకొనేవారు రక్షణ కళ్ళద్దాలు ధరించాలి. క్యాన్సరు గడ్డలపై, గర్భిణుల పొట్టపై ప్రసరింపజేయరాదు.
* వేడి పుట్టించే అధిక శక్తి లేజరులను చలికి తిమ్మిరెక్కిన చర్మంపై వాడితే, కాలుతున్నా రోగికి తెలియదు.

మరునాడే మరొక పోటీ ఉన్న క్రీడాకారునికి నొప్పి తగ్గించుకోవడానికి చన్నీరు ఉపయోగపడవచ్చు. బలం పెంచుకొనే దశలో ఉన్నవారు రోజూ వాడకపోవడం మేలు. తగినంత నిద్ర, ఆహారము, శ్రమను క్రమంగా పెంచుకోవడం అనే వాటికి ఈ రెండు పద్ధతులూ ప్రత్యామ్నాయం కావు.

ఇవి కూడా చూడండి

* కండరము
* లేజరు
* మైటోకాండ్రియా
* వ్యాయామం