పాత రైఫిలు, దానికి తగిన తూటా

మేత నేలలను బొరియలతో పాడుచేసే వుడ్‌చక్, ప్రెయిరీ డాగ్, నేల ఉడుత వంటి చిన్న జంతువులను అమెరికా రైతులు వార్మింట్లని పిలుస్తారు. వాటిని రెండు వందల మీటర్లకు పైబడిన దూరం నుంచి కొట్టేందుకు 1930లలో అక్కడ ఒక ప్రత్యేక తరగతి రైఫిళ్లు రూపొందాయి. లక్ష్యం చిన్నది, దూరం ఎక్కువ, చుట్టూ పశువులు, ఇళ్లు ఉంటాయి. కనుక వీటి బుల్లెట్ తేలికగా ఉండి, అతి వేగంగా సాగి, నేలను తాకగానే ఎగిరిపోకుండా ముక్కలైపోయేంత పల్చని తొడుగు కలిగి ఉండాలి.

ఇక్కడ తూటా అంటే బుల్లెట్ ఒక్కటే కాదు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, మూతిన అమర్చిన బుల్లెట్ కలిసిన మొత్తం. 1885 నాటి ఒక నల్ల తుపాకీమందు తూటా గుల్లలో పొగరాని మందు నింపి, 1920లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో టౌన్‌సెండ్ వీలెన్ ప్రభృతులు చేసిన ప్రయోగాల ఫలితమే 22 హార్నెట్. దాన్ని 1930లో వించెస్టర్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. అదే సంస్థ 1935లో 220 స్విఫ్ట్‌ను విడుదల చేసింది. హార్నెట్ 2.9 గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో పంపితే, స్విఫ్ట్ 3.1 గ్రాముల బుల్లెట్‌ను 1,250 మీటర్ల వేగంతో పంపింది. బరువులో తేడా స్వల్పమే అయినా, గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక మొదటిదాని శక్తి దాదాపు 980 జౌళ్లు, రెండోదానిది 2,400 జౌళ్లకు పైన. గాలి నిరోధం లేదనుకుని లెక్కిస్తే 200 మీటర్లు చేరేసరికి హార్నెట్ బుల్లెట్ 29 సెంటీమీటర్లు, స్విఫ్ట్ బుల్లెట్ 13 సెంటీమీటర్ల లోపు కిందికి జారతాయి. గాలి ఉన్నప్పుడు ఈ జారుడు మరింత పెరుగుతుంది. దూరాన్ని అంచనా వేయడంలో వేటగాడు కొంత పొరబడినా గురి తప్పకపోవడానికి ఈ చదునైన మార్గమే ఆధారం.

ఆ కాలపు వించెస్టర్ మోడల్ 54 హార్నెట్ రైఫిల్ ఒకటి తుప్పుపట్టి ఎవరి చేతికైనా వస్తే, మొదట కలిగే కోరిక దాన్ని రుద్ది మెరిపించాలని. పునరుద్ధరణలో ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. ఉక్కు మీద కనిపించే నలుపు, రంగు పూత కాదు, మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ పొర. పాత పద్ధతిలో లోహాన్ని కావాలనే సన్నగా ఎర్రతుప్పు పట్టనిచ్చి, మరిగే నీటిలో ఉంచి ఆ తుప్పును మాగ్నటైట్‌గా మార్చి, వదులుగా ఉన్న పొడిని తుడిచేసి, కోరిన చిక్కదనం వచ్చేవరకు ఇదే మళ్లీ మళ్లీ చేస్తారు. ఈ పొరను గరుకు కాగితంతో తీసేస్తే చెక్కిన అక్షరాలు, అంచుల పదును కూడా పోతాయి. పాత తుపాకులు సేకరించేవారి దృష్టిలో వన్నె తగ్గిన అసలు పొరకున్న విలువ తళతళలాడే కొత్త పొరకు ఉండదు.

గొట్టం లోపలి తుప్పు కథ వేరు. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టం గోడలకు అంటుకుని, గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. ఈ లవణం నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది కాబట్టి, కాల్చిన ప్రతిసారీ శ్రద్ధగా నూనె పూసిన యజమాని తుపాకీ కూడా లోపల గుంటలు పడి కనిపించడంలో వింత లేదు.

గొట్టంపై రాసి ఉన్న పేరును నమ్మడం కూడా ప్రమాదమే, ఎందుకంటే ఎనభై తొంభై ఏళ్లలో తూటా కూర్చునే గదిని ఎవరైనా తొలిచి మార్చి ఉండవచ్చు. ఆ గది అసలు ఆకారం తెలుసుకోవడానికి తుపాకీ పనివారు బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిసిన ఒక మిశ్రమ లోహాన్ని కరిగించి పోస్తారు. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే ఈ లోహం గడ్డకట్టేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోయి తేలికగా బయటికి వస్తుంది. తర్వాత నెమ్మదిగా వ్యాకోచించి, గంట గడిచేసరికి గది కొలతకు సరిగ్గా చేరుకుంటుంది. గొట్టం లోపలి గాడుల వ్యాసాన్ని విడిగా కొలవాలి. తొలినాటి హార్నెట్ గొట్టాల్లో అది 0.223 అంగుళం, తర్వాతివాటిలో 0.224, కాగా 22 అనే పేరే మోస్తున్న మరో తూటా సావేజ్ హై-పవర్ గొట్టంలో 0.228 అంగుళం.

తూటా ఎంపికలో యజమాని అభిరుచి కన్నా గాడుల మెలికకు ఎక్కువ అధికారం ఉంది. గొట్టం లోపల చుట్టుకుంటూ సాగే గాడులు బుల్లెట్‌ను తిప్పి, దాని ముక్కు ముందుకే ఉండేలా నిలుపుతాయి; బుల్లెట్ ఎంత పొడవైతే అంత బిగుతైన మెలిక కావాలి. జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ప్రకారం 150ని వ్యాసపు వర్గంతో గుణించి బుల్లెట్ పొడవుతో భాగిస్తే, ఒక పూర్తి చుట్టుకు పట్టే దూరం వస్తుంది. 16 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత హార్నెట్ గొట్టానికి ఈ లెక్కన సుమారు 12 మిల్లీమీటర్ల బుల్లెట్ సరిపోతుంది. ఎక్కువ వేగాల్లో కొంత వెసులుబాటు ఉన్నా, నేటి పొడవాటి మొనదేలిన బుల్లెట్లు అందులో తడబడి అడ్డం తిరుగుతాయి.

గొట్టం బాగున్న హార్నెట్‌ను హార్నెట్‌గానే ఉంచడం ఉత్తమం. 1940 ప్రాంతంలో లైల్ కిల్‌బర్న్ రూపొందించిన కె-హార్నెట్ కోసం గదిని తొలిస్తే కొంత వేగం కలిసొస్తుంది, మామూలు హార్నెట్ తూటాలనూ అందులో కాల్చవచ్చు. కానీ తొలిచిన ఉక్కు తిరిగి రాదు. స్విఫ్ట్‌గా మార్చాలనే ఆశ మరీ ఖరీదైనది: దాని గుల్ల అడుగు అంచు 12 మిల్లీమీటర్లు, హార్నెట్‌ది 8.9 మాత్రమే కనుక గొట్టంతోపాటు బోల్టునూ మార్చాలి. పైగా పెద్ద గుల్లలోని మందు వాయువంతా ఇరుకు రంధ్రంలోంచి దూసుకుపోవడం వల్ల, గాడులు మొదలయ్యే చోట ఉక్కు వేడికి బీటలు వారి త్వరగా అరుగుతుంది. రెమింగ్టన్ సంస్థలో మైక్ వాకర్ 1950లో రూపొందించిన 222 తూటా గుల్ల అంచు 9.6 మిల్లీమీటర్లే, 3.2 గ్రాముల బుల్లెట్‌కు సుమారు 960 మీటర్ల వేగమిచ్చే ఈ తూటా, కొత్త గొట్టం ఎలాగూ తప్పనప్పుడు వివేకవంతమైన ఎంపిక.

గొట్టం లోపల పూర్తిగా చెడి, బయటి గుర్తులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే వేరొక దారి ఉంది. రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, కొత్త గాడులున్న సన్నని ఉక్కు గొట్టాన్ని అందులో దింపి అతికిస్తారు. హార్నెట్ పీడనం మితమైనది కనుక నిపుణుడి చేతిలో ఈ పని నిలుస్తుంది. స్విఫ్ట్ పీడనానికి ఇది తగదు.