మంచం పక్క మనిషికి వాటా ఏది?

నెల మొదటి తారీఖున పింఛను రోగి చేతికి అందుతోంది. రోగిని కనిపెట్టుకుని, కూలి మానుకుని ఇంట్లో ఉండిపోయిన తల్లి, భార్య, కోడలు మాత్రం ఏ జాబితాలోనూ లేరు. వాళ్లకు భత్యం ఇవ్వాలని చట్టంలో రాసి తొమ్మిదేళ్లు దాటింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ల మగవాళ్లు హైదరాబాదుకో, చెన్నైకో, గుజరాత్‌లోని వేరావల్ రేవుకో వలస పోతారు. ఇంట్లో మంచం పట్టిన మామ ఉన్నా, నడవలేని కొడుకు ఉన్నా చూసుకోవలసింది ఆడమనిషే. పొద్దున్నే లేపి మొహం కడగాలి. దొడ్డికి ఎత్తుకెళ్లాలి. పుండ్లు పడకుండా గంట గంటకూ ఒత్తిగిలించాలి. అన్నం కలిపి తినిపించాలి. ఇంత చేసే మనిషి పలాసలో జీడిపిక్కల పనికి పోలేదు, పొలంలో ఊడ్పులకూ పోలేదు. అలా ఆ ఇంటికి రెండు సంపాదనలు పోతాయి: జబ్బుపడ్డ మనిషిది ఒకటి, చూసుకునే మనిషిది ఒకటి. మొదటి దానికి పింఛను ఉంది. రెండో దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోవడం లేదు.

పింఛను ఎవరి పేరిట?

2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద దివ్యాంగుల పింఛను రూ.3,000 నుంచి రూ.6,000 అయింది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు రూ.5,000 నుంచి రూ.15,000కు పెరిగింది. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు రూ.10,000 వస్తోంది. సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. పేద ఇంటికి ఇది పెద్ద ఆసరా. అయితే ఆ సొమ్ము రోగి మందులకు, ఆటోలకు, తిండికి. చూసుకునే మనిషి కోల్పోయిన కూలికి అందులో వాటా లేదు, ఆమె పేరిట విడి పింఛనూ లేదు. పైగా కొన్ని మినహాయింపులు తప్ప ఇంటికి ఒకటే పింఛను అన్న నిబంధన ఉంది. రోగి కన్నుమూస్తే వచ్చేది ఆగిపోతుంది. ఏళ్ల తరబడి పని వదులుకున్న ఆ మనిషికి అప్పుడు ఆ పింఛనూ ఉండదు, చేతిలో పనీ ఉండదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ భారం మరీ ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఒకే ఇంట్లో ఇద్దరికి కిడ్నీ జబ్బు రావడం వింత కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దూరం తగ్గిందే గాని, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పదు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. వెంట వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో లేదు కాబట్టి, సంరక్షకుల భత్యం రేపు అమల్లోకి వచ్చినా ఈ కుటుంబాలు బయటే ఉండిపోవచ్చు. ఉత్తరాంధ్ర ప్రజాప్రతినిధులు గట్టిగా పట్టుకోవలసిన విషయమిది.

ఋజువుల భారమూ ఆమెదే

వైకల్య పింఛనుకు సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 2025లో ప్రభుత్వం పాత పత్రాలను మళ్లీ పరీక్షించింది. శాతం తగ్గిందంటూ ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి, ఆందోళనలు జరిగాయి, అప్పీలుకు అవకాశం ఇచ్చారు. అనర్హుల్ని ఏరివేయడం సబబే. కానీ నోటీసు రోగి పేరున వచ్చినా, పాత కాగితాలు వెతికి, ఆటో మాట్లాడి, మనిషిని ఎత్తుకుని ఆసుపత్రి వరసలో నిలబడేది సంరక్షకురాలే.

చట్టంలో ఉంది, చేతికి రాలేదు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, దివ్యాంగుల్ని చూసుకునే తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులు సంరక్షకులేనని అది స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వాలు తమ ఆర్థిక శక్తి మేరకు తేవలసిన పథకాల్లో, ఎక్కువ సాయం అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యాన్నీ 24వ సెక్షన్‌లో చేర్చింది.

సంరక్షణకు కూలి కట్టడం మనకు కొత్తా కాదు. పని చోటుకు ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. ఊరి పిల్లల్ని చూస్తే పని అయినప్పుడు, కదల్లేని కొడుకును చూస్తే ఎందుకు కాదు?

కేరళ 'ఆశ్వాసకిరణం' పథకంలో మంచం పట్టిన వాళ్లను చూసుకునే వాళ్లకు నెలకు రూ.600 నిర్ణయించింది. మొత్తం చిన్నదే, కానీ అది సంరక్షకుల పేరిట ఇచ్చేది. బ్రిటన్‌లో 1976 నుంచే ఇలాంటి భత్యం ఉన్నా, పెళ్లయిన ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. ఇంట్లో ఉండి సేవ చేయడం వాళ్ల ధర్మమేనన్నది లెక్క. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ కోర్టుకెక్కింది. 1986లో యూరోపియన్ న్యాయస్థానం ఆ వివక్ష చెల్లదంది. బ్రిటన్‌లో రోగి చనిపోయాక కూడా ఎనిమిది వారాల దాకా భత్యం ఆగదు.

ఇప్పుడే అడగదగినవి

• సదరంతో పాటు దివ్యాంగుల విశిష్ట గుర్తింపు (యూడీఐడీ) కార్డు. దేశమంతా చెల్లుతుంది.

• నిరామయ బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు.

• చట్టబద్ధ సంరక్షకత్వం: ఈ నాలుగు వైకల్యాల్లో ఏదైనా ఉన్న బిడ్డకు 18 నిండితే, కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి.

• తోడు లేకుండా ప్రయాణించలేని కొన్ని వర్గాల దివ్యాంగులతో రైల్లో వెళ్లే సహాయకులకూ రాయితీ ఉంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి వెళ్లే వాళ్లకు ఇది ఉపయోగం.

• ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు మండలంలోని భవిత కేంద్రం. రవాణా, సహాయక భత్యాల గురించి అక్కడ అడగాలి.

• పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు, తమపై ఆధారపడిన దివ్యాంగుల సంరక్షణకు ఆదాయంలో రూ.75,000, తీవ్ర వైకల్యమైతే రూ.1,25,000 మినహాయింపు.

పేద కూలి ఇంటికి చివరి అంశం పనికిరాదు. పన్ను కట్టే వాళ్ల సంరక్షణ ఖర్చును గుర్తించిన ప్రభుత్వం, కూలి పోగొట్టుకున్న వాళ్ల నష్టాన్నీ గుర్తించాలి. మొదలుపెట్టడానికి కొత్త సర్వే అక్కర్లేదు. రూ.15,000 పింఛను ఎవరికి వెళ్తోందో ప్రతి సచివాలయంలోనూ వివరాలున్నాయి. ఆ జాబితాలో 'చూసుకునేది ఎవరు' అన్న గడి ఒకటి చేర్చి, ఆ మనిషి ఖాతాకు విడిగా భత్యం వేయాలి. గ్రామసభల్లో, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఈ ఒక్క కోరికతో అర్జీలు పెట్టండి. దయ చూపమని కాదు, చట్టంలో రాసిన మాట నిలబెట్టుకోమని అడగండి.