ఆర్కే (గ్రీకు తత్త్వశాస్త్రం)

ప్రాచీన గ్రీకు తత్త్వశాస్త్రంలో సకల వస్తువులకూ మూలమైన పదార్థాన్ని లేదా సూత్రాన్ని ఆర్కే అంటారు. గ్రీకు భాషలో ఈ పదానికి ఆరంభం అనే కాక పాలన, అధికారం అనే అర్థాలు కూడా ఉన్నాయి. అందుచేత ఆర్కే అంటే ఒకప్పుడు ఉండి గతించినది మాత్రమే కాదు. వస్తువులలో ఇప్పటికీ నిలిచి ఉండి వాటిని నడిపించేది కూడా.

నేపథ్యం

క్రీ.పూ. 700 ప్రాంతానికి చెందిన హెసియోడ్ కవి తన 'థియోగొనీ' కావ్యంలో సృష్టిని దేవతల వంశావళిగా వర్ణించాడు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో మిలేటస్ నగర (నేటి టర్కీ పశ్చిమ భాగం) తాత్త్వికులు అదే ప్రశ్నకు వంశావళితో నిమిత్తం లేకుండా సమాధానం వెదికారు.

మిలేటస్ తాత్త్వికులు

థేలీస్ నీరే మూలమన్నాడు. ఇతని రచన ఏదీ లభించలేదు. జీవుల ఆహారమూ, బీజాలూ తడిగా ఉండటం గమనించి ఇతడు ఇలా భావించి ఉండవచ్చునని అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్'లో వ్రాశాడు. అయితే ఇది సుమారు రెండు శతాబ్దాల తరువాత చేసిన ఊహ అని మరువరాదు.

అనాక్సిమాండర్ వాదం మరింత సాహసోపేతమైనది. నీరు, నిప్పు పరస్పర విరుద్ధాలు. వీటిలో ఏ ఒక్కటైనా అనంతమైన మూలపదార్థమై ఉంటే రెండవది ఎన్నడో నశించి ఉండేది. కావున మూలం మనం ఎరిగిన పదార్థాలలో ఏదీ కాజాలదు. ఈ తర్కాన్ని అరిస్టాటిల్ పేరు చెప్పకుండా ప్రస్తావించగా, పండితులు సాధారణంగా దీనిని అనాక్సిమాండర్‌దిగానే పరిగణిస్తారు. ఆ మూలానికి ఇతడు పెట్టిన పేరు అపెయిరాన్, అనగా హద్దులు లేనిది. భూమి నీటిపై తేలుతున్నదని థేలీస్ చెప్పగా, మరి ఆ నీటికి ఆధారమేమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. భూమి అన్ని దిక్కులకూ సమదూరంలో ఉన్నందున ఏ ఆధారమూ లేకుండానే నిలిచి ఉన్నదని అనాక్సిమాండర్ వివరించాడు. ఇతని గ్రంథం నుండి నేడు మిగిలినది ఇంచుమించు ఒక్క వాక్యమే. దానిని క్రీ.శ. 6వ శతాబ్దపు వ్యాఖ్యాత సింప్లిసియస్ ఉదహరించడం వల్ల తెలియవచ్చింది.

అనాక్సిమెనీస్ గాలిని మూలంగా ఎంచుకున్నాడు. ఇది పైకి వెనుకడుగుగా కనిపించినా, ఒక పదార్థం మరొకటిగా మారే విధానాన్ని స్పష్టంగా చెప్పినవాడు ఇతడే. గాలి పలుచబడితే నిప్పు అవుతుంది; చిక్కబడే కొద్దీ వరుసగా మేఘం, నీరు, మట్టి, రాయి అవుతుంది. నోరు తెరచి ఊదిన గాలి వెచ్చగానూ, పెదవులు బిగించి ఊదినది చల్లగానూ ఉండటాన్ని నిదర్శనంగా చూపాడు.

తరువాతి పరిణామాలు

లేనిదాని నుండి ఏదీ పుట్టదని క్రీ.పూ. 5వ శతాబ్దంలో పార్మెనిడీస్ వాదించి, మార్పు అసలు సాధ్యమే కాదన్నాడు. ఈ చిక్కును తప్పించుకొనుటకై ఎంపెడోక్లీస్ మట్టి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు శాశ్వత మూలాలను అంగీకరించి, వాటి కలయికనూ విడిపోవడాన్నీ మాత్రమే మనం పుట్టుక, నాశం అని పిలుస్తున్నామన్నాడు. ల్యూసిపస్, డెమోక్రిటస్‌లు ఆ స్థానంలో విభజించరాని పరమాణువులను, అవి చలించుటకు శూన్యాన్ని ప్రతిపాదించారు.