తడి తగిలితే ఆవకాయే కాదు... ఇనుమూ పాడే!

ఆవకాయ కలిపే రోజు మీ ఇంట్లో హడావుడి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కాయలు కడిగి, పొడిబట్టతో తుడిచి, జాడీ ఎండలో పెట్టి... అయినా అత్తగారి కేక వినిపిస్తూనే ఉంటుంది, "తడిచెయ్యి పెట్టకే అమ్మాయ్!" అని. ఒక్క నీటిచుక్క దగ్గర మనకుండే ఆ జాగ్రత్త గ్యాసు పైపులైను దగ్గర లేకపోతే ఏమవుతుందో కోనసీమ కళ్లారా చూసింది.

2014 జూన్ 27. మామిడికుదురు మండలం నగరం గ్రామం. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. తాటిపాక నుంచి విజయవాడ దగ్గర కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వెళ్లే గెయిల్ పైపులైనుకి చిల్లు పడి, గ్యాసు ఊరి మీద పరుచుకుంది. ఎవరో టీ కోసం పొయ్యి వెలిగించగానే భగ్గుమందని అప్పటి పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లూ, పశువులూ, నిలువెత్తు కొబ్బరిచెట్లూ మాడిపోయాయి.

మరి అంత లావు ఉక్కు పైపుకి చిల్లెలా పడిందంటారా? పెట్రోలియం శాఖ విచారణలో తేలింది వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ పైపు పొడి గ్యాసు కోసం వేసింది. అందులో పంపింది తడి గ్యాసు!

భూమిలోంచి వచ్చే గ్యాసులో నీటి ఆవిరీ, బొగ్గుపులుసు వాయువూ కలిసే వస్తాయి. మనం తాగే గోలీసోడాలో ఉండే వాయువే అది. నీళ్లలో కరిగితే కాస్త పులుపెక్కుతుంది. సోడా తాగితే మనకేం కాదు గానీ, అదే పులుసు నీరు పైపులో పల్లంగా ఉన్నచోట చేరి ఏళ్ల తరబడి నిలిస్తే ఉక్కుని లోపల్నుంచే తినేస్తుంది. పెనం తుప్పు పడితే మనకి కనిపిస్తుంది, తోమి నూనె రాస్తాం. నేలలో పాతిన పైపు లోపల ఎవరు చూస్తారు చెప్పండి?

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. గ్యాసుని ఎత్తైన ఉక్కు స్తంభంలో కిందనుంచి పైకి పంపుతారు. పైనుంచి గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం జారుతూ వస్తుంది. వానాకాలం ఉప్పు చెమ్మ పీల్చుకున్నట్టు అది గ్యాసులోని తడినంతా పీల్చేస్తుంది. తర్వాత గ్లైకాల్‌ని కాస్తే నీరు ఆవిరైపోతుంది, అదే గ్లైకాల్ మళ్లీ పనికొస్తుంది. పారబొయ్యక్కర్లేదు. పొదుపైన ఇల్లాలి పద్ధతే సుమండీ! తాటిపాకలో ఆ ఏర్పాటు లేకుండానే గ్యాసు పంపారన్నదే విచారణలో పెద్ద తప్పుగా కనిపించింది.

1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 'హరిత రసాయన శాస్త్రం' పేరిట పన్నెండు సూత్రాలు రాశారు. చెత్త పుట్టాక ఎత్తిపోసేకంటే పుట్టకుండా చూడమంటుంది మొదటిది. కారడం, పేలడం, అంటుకోవడం లాంటి ప్రమాదాలకి ఆస్కారమే తక్కువగా ఉండే పద్ధతి ముందే ఎంచుకోమంటుంది చివరిది. హరితం అంటే ఫ్యాక్టరీ గేటు ముందు నాలుగు మొక్కలు నాటడం అనుకుంటాం మనం! 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండిన పాశర్లపూడి బావి మంట చూసినవాళ్లకి ఆ చివరి సూత్రం విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ ఊళ్లో పైపులైను వెళ్తుంటే దారి పొడుగునా హెచ్చరిక బోర్డులుంటాయి. వాటి మీది ఫోను నంబరు రాసి వంటింటి గోడకి అంటించండి. పొలంలో బుస్సుమనే చప్పుడు విన్నా, నీళ్లలో బుడగలు లేచినా, పైపు దారిలో పచ్చగడ్డి ఉన్నట్టుండి ఎండినా ఆ నంబరుకి చెప్పండి. అక్కడ అగ్గిపుల్ల గియ్యకండి, బండి స్టార్టు చెయ్యనివ్వకండి.

ఇక మన సిలిండరు సంగతి. అందులోని గ్యాసుకి సొంత వాసన లేదు. ఆ కుళ్లు కంపు మనల్ని హెచ్చరించడానికే కలుపుతారు. అది గాలికంటే బరువు కాబట్టి నేలబారునే ఉండిపోతుంది. వాసన రాగానే రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తియ్యండి. లైటు వెయ్యొద్దు, వెలుగుతుంటే ఆర్పనూ వద్దు. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. రాత్రయినా పగలయినా పలుకుతారు.