యోబు బిడ్డల లెక్క

కొల్లేటి లంక గ్రామంలోని ఒక చిన్న సంఘానికి ఆ ఆదివారం ఏలూరు నుంచి వాక్యం చెప్పడానికి వెళ్లాం. ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయినా ఒక దంపతులు మాత్రం మందిరంలోనే కూర్చుండిపోయారు. చేపల చెరువు మీద కూలికి వెళ్లి బతికే కుటుంబం. రెండేళ్ల క్రితం వారి ఒక్కగానొక్క కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. డిగ్రీ చదువుతూ, ఆదివారం వస్తే మందిరంలో డోలక్ వాయించే కుర్రవాడు. ఓదార్పు మాటలు అంతకుముందే ఎన్నో చెప్పి ఉన్నాం గనక ఆ రోజు ఊరకే వారి పక్కన కూర్చున్నాం.

కాసేపటికి తండ్రి తటపటాయిస్తూ అడిగాడు. "అయ్యగారూ, మనిషి ఒంట్లోంచి రవ్వంత తీసి మళ్లీ అదే మనిషిని పుట్టిస్తారంటండి. నిజమేనాండి?"

ఆ తల్లి సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో ఒక దువ్వెన ఉంది. దాని పళ్ల మధ్య నాలుగు వెంట్రుకలు.

"వాడిదేనండి. ఇంతవరకూ కడగలేదు" అంది.

క్లోనింగ్ గురించి పత్రికల్లో చాలా చదివాం. సభల్లో వాదోపవాదాలు విన్నాం. కానీ ఆ ప్రశ్న ఇలా ఒక దువ్వెన రూపంలో మా ముందుకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. దాన్ని నవ్వి తోసేయలేకపోయాం. అలా అడగడం పాపమని గద్దించడానికీ మనసు రాలేదు. ముందు నిజం తెలుసుకుని, ఆ తరువాత వాక్యం ఏమంటున్నదో వెదకడమే వారికి మేము చేయగల న్యాయం అనిపించింది.

క్లోనింగ్ అనే మాట కొత్తదే గాని ఆ సంగతి మన రైతుకు కొత్తది కాదు. అరటి తోటలో తల్లిచెట్టు పక్కన లేచే పిలక అచ్చంగా తల్లికి నకలే. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. టిష్యూ కల్చర్ అరటి మొక్కలు మన తోటల్లోకి వచ్చి చాలా కాలమైంది. మొక్కలో సులువుగా జరిగే ఈ పని జంతువులో మహా కష్టం. 1996లో స్కాట్లాండులో ఒక గొర్రె పొదుగు కణం నుంచి డాలీ అనే గొర్రెపిల్లను పుట్టించారు. అండంలోని కేంద్రకాన్ని తీసివేసి, ఆ స్థానంలో పొదుగు కణాన్ని కలిపి, పిండంగా పెంచి, మరో గొర్రె గర్భంలో ఉంచారు. అలా 277 అండాలతో ప్రయత్నిస్తే పుట్టింది ఒక్క డాలీయే! మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోనింగ్ గేదె దూడ కొద్ది రోజులకే చనిపోయింది. ఆ ఏడాది జూన్‌లో 'గరిమ' పుట్టింది.

ఇక మనిషి సంగతి. 2002 డిసెంబరులో విదేశాల్లో ఒక సంస్థ క్లోనింగ్ ద్వారా ఆడపిల్ల పుట్టిందని ప్రకటించి లోకాన్ని నివ్వెరపరచింది. కానీ రుజువు ఎన్నడూ చూపలేదు. ఆ పద్ధతిలో మానవ శిశువు పుట్టినట్టు నిర్ధారణ అయిన సంఘటన ఈనాటికీ ఒక్కటి కూడా లేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు దాన్ని నిషేధించాయి.

అయితే దీనివల్ల మేలే లేదా? ఉందనే ఒప్పుకోవాలి. రోగి సొంత కణంతోనే కొత్త కణజాలాన్ని పెంచగలిగితే మధుమేహం, పార్కిన్సన్స్ వంటి జబ్బులతో నలిగిపోయే వారికి అది గొప్ప ఆశ. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు క్లోనింగ్ చేసిన మానవ పిండం నుంచి మూలకణాలను తీయగలిగారు. కాని అందుకు ఆ పిండాన్ని నాశనం చేయవలసి వచ్చింది. క్రైస్తవ మనస్సాక్షి నొచ్చుకునేది ఇక్కడే. అయితే 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక మరో దారి చూపాడు. పిండంతో పని లేకుండా ఎలుక చర్మం నుంచి తీసిన కణాలనే మూలకణాలుగా మార్చాడు. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే విజ్ఞానమంతా సాతాను పని అని తలుపులు మూసుకోవడం తగదు. కొల్లేటి చెరువుల్లో బొచ్చె, శీలావతి లక్షలాదిగా పెరుగుతున్నాయంటే కారణమేమిటి? నిలవ నీటిలో గుడ్లు పెట్టని ఆ చేపలకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించే విధానాన్ని 1957లో హీరాలాల్ చౌధురి కనిపెట్టాడు. ఆ జ్ఞానం ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో మన ప్రాంతానికి చెప్పనక్కరలేదు.

కాని చేపపిల్లను లెక్కించినట్టు మనిషిబిడ్డను లెక్కించలేము. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఆ పంట వేసిన రైతులు ఈ సంగతి వినదగినది. మలేసియాలో మేలైన ఆయిల్ పామ్ చెట్లకు క్లోనింగ్ పద్ధతిలో నకళ్లు తయారుచేసి నాటారు. మొక్కలు ఏపుగా పెరిగాయి. తీరా గెలలు వేసే వయసు వచ్చాక, 1980ల్లో, కొన్ని చెట్లకు వికారమైన కాయలు కాయడం కనిపించింది. లోపం ఏళ్ల తరబడి లోపలే దాగి ఉంది! తోటలో అలా జరిగితే చెట్టు కొట్టేస్తాం. బిడ్డకు జరిగితే? 277 ప్రయత్నాల్లో విఫలమైన ప్రతి ప్రయత్నమూ ఒక స్త్రీ కడుపుకోత అయితే? ఆ కడుపు ఏ ధనవంతురాలిదో అవుతుందా, పూట గడవని మన చెల్లెలిదవుతుందా?

సరే, ఏ లోపమూ లేకుండా పుట్టాడే అనుకుందాం. పుట్టేది ఎవరు? మన సంఘాల్లో ఒకే పోలికతో ఉండే కవలలను చూస్తూనే ఉన్నాం. వారు ఒకే పిండం నుంచి వచ్చినవారు. అయినా ఒకరి వేలిముద్ర మరొకరికి ఉండదు. ఒకరు బాప్తిస్మం తీసుకుంటే రెండోవారు తీసుకున్నట్టు కాదు. ఒకరి విశ్వాసం మరొకరిని రక్షించదు. క్లోనింగ్ ద్వారా పుట్టినవాడు కూడా ఆలస్యంగా పుట్టిన కవల వంటివాడే. అతనికీ సొంత ఆత్మ ఉంటుంది. ఎవరైనా ఆజ్ఞ మీరి అలాంటి బిడ్డను పుట్టిస్తే, ఆ పుట్టించినవారిని తప్పుపట్టాలి గాని బిడ్డను కాదు. సంఘం ఆ బిడ్డను ఒడిలోకి తీసుకోవాలి. ఎందుకంటే చనిపోయినవాడిలా నవ్వాలని, వాడిలాగే పాడాలని ఊహ తెలియక ముందే మోయలేని బరువును ఆ పసివాడి నెత్తిన పెడతారు. తనలా బతికే హక్కే అతనికి ఉండదు.

ఇక్కడే యోబు గ్రంథంలోని ఒక లెక్క మనల్ని ఆపుతుంది. యోబు పోగొట్టుకున్నవాటిని దేవుడు రెండంతలుగా ఇచ్చాడని మనకు తెలుసు. ఏడువేల గొర్రెలు పధ్నాలుగు వేలయ్యాయి. మూడువేల ఒంటెలు ఆరువేలయ్యాయి. ఎద్దులు, గాడిదలు కూడా రెట్టింపయ్యాయి. మరి బిడ్డలు? మొదట ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. చివరా ఏడుగురు, ముగ్గురే (యోబు 1:2,3, 42:12,13). దేవుడు లెక్క తప్పాడా? లేదు. పెద్దలు దీనికి చక్కని వివరణ ఇస్తారు. పోయిన గొర్రెలు పోయాయి గనక వాటికి బదులు ఇవ్వాలి. పోయిన బిడ్డలు దేవుని సన్నిధిలో ఉన్నారు. వారితో కలిపి చూడండి, ఇరవైమంది! మందకు బదులుంటుంది. బిడ్డకు బదులుండదు. హేబెలు పోయాక దేవుడు హవ్వకు షేతును ఇచ్చాడు. ఆమె ఓదార్పు పొందింది. కాని షేతుకు హేబెలు అని పేరు పెట్టలేదు (ఆది. 4:25).

ఆ తల్లిదండ్రులతో మేము చెప్పింది ఇంతే. "ఈ వెంట్రుకలతో అయ్యే పని కాదమ్మా. ఒకవేళ అయినా, వచ్చేది మీ అబ్బాయి కాదు. ఆ పోలికతో ఉన్న మరో బిడ్డ. మీ అబ్బాయికి మరొకరు సమానం కారు." ఆమె చాలాసేపు ఏడ్చింది. తరువాత మెల్లగా ఒక మాట అంది. "వాడి పేరు ఎవరూ ఎత్తడం లేదండి అయ్యగారూ. మేం బాధపడతామని మానేశారు. వాడు అసలు పుట్టనే లేదేమో అన్నట్టుంది."

మా తల వంగిపోయింది. ఎందుకంటే ఆ సాయంత్రం మేము కూడా ఆ కుర్రవాడి పేరు ఒక్కసారైనా ఎత్తలేదు. అతని పేరు పెట్టి పిలిచి దేవునికి కృతజ్ఞతలు చెప్పి ప్రార్థించాం. ఆ తండ్రి కొడుకు డోలక్ గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకసారి నవ్వాడు కూడా.

పునరుత్థానం నకలు కాదు. సమాధి దగ్గర మగ్దలేనే మరియ తన ప్రభువును గుర్తుపట్టలేదు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు, అంతే, గుర్తుపట్టింది (యోహాను 20:16). ఆయన చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. సిలువ మీద వేలాడినవాడే లేచాడు, అతని వంటి మరొకడు కాదు. మన నిరీక్షణ ప్రయోగశాలలో లేదు, ఆ పిలుపులో ఉంది.

దువ్వెన పారేయమని మేము చెప్పలేదు. ఆమె దాన్ని మళ్లీ పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంది. మీ సంఘంలోనూ బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం ఆ గడప తొక్కండి. ఆ బిడ్డను పేరు పెట్టి తలచుకోండి.